లాగడానికీ ఊళ్లో తిప్పడానికీ ఒకే బండి: పాత డీజిల్ పికప్ కొనేముందు తేల్చుకోవాల్సిన సంగతులు

నెల్లూరులో షామియానా సప్లయర్స్ నడిపేవాళ్లు, ఒంగోలులో సెంట్రింగ్ పనులు పట్టే మేస్త్రీలు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలు చేసే రైతులు. ముగ్గురివీ మూడు దారులైనా అవసరం ఒక్కటే. వారంలో ఎక్కువ రోజులు ఊళ్లో సరుకు తిప్పాలి. మధ్యమధ్యలో జనరేటర్ ట్రాలీనో కాంక్రీట్ మిల్లర్‌నో వెనక తగిలించుకుని ముప్పై నలభై కిలోమీటర్లు లాక్కెళ్లాలి. ట్రాక్టర్ ఎంతైనా లాగుతుంది గానీ దాంతో నెల్లూరు ట్రంకు రోడ్డులో రోజూ సరుకు తిప్పలేం. చిన్న నాలుగు చక్రాల ఆటో ట్రక్కులు స్టోన్‌హౌస్‌పేట సందుల్లో దూరతాయి గానీ, టన్ను బరువున్న ట్రాలీని లాగే సత్తా వాటికి లేదు, ఆపే సత్తా అంతకన్నా లేదు. కొత్త పికప్ కొంటే వాయిదాలు మెడకు చుట్టుకుంటాయి. అందుకే పాత డీజిల్ పికప్ మీదికి మనసు పోతుంది.

బేరానికి దిగగానే అందరూ అడిగేవి రెండు ప్రశ్నలు: ఏ కంపెనీది, ఎంత తిరిగింది. నా దృష్టిలో వీటికంటే ముందు తేలాల్సినవి వేరే ఉన్నాయి. మీరు లాగబోయే బరువెంత, ఎన్నాళ్లకోసారి లాగుతారు? ఆ బండి ఇంతవరకూ ఎవరి దగ్గర ఏ పని చేసింది? వీటికి జవాబు దొరికితే కంపెనీ, మోడలు, సంవత్సరం చాలావరకు వాటంతటవే తేలతాయి.

మోసే బరువు వేరు, లాగే బరువు వేరు

పికప్ అమ్మేవాళ్లు చెప్పే టన్నుల లెక్క మోసే బరువుది. 1.3 టన్ను బండి, 1.7 టన్ను బండి అంటే తొట్టిలో వేసుకోదగ్గ లోడు అన్నమాట. ఆర్సీలో రెండు అంకెలుంటాయి: ఖాళీ బండి బరువు, లోడుతో కలిపి ఉండాల్సిన గరిష్ఠ బరువు. మొదటిది రెండోదాంట్లోంచి తీసేస్తే మిగిలేదే మోసే బరువు. డ్రైవరు, పక్కన కూర్చున్న మనిషి, తాళ్లు, టార్పాలిన్, స్టెప్నీ పక్కన బిగించుకున్న అదనపు సామాను, అన్నీ ఆ మిగులులోకే వస్తాయి.

లాగే బరువు మన దగ్గర అమ్మే పికప్పుల బ్రోషర్లలో చాలావాటిలో కనపడదు. ఓనర్స్ మాన్యువల్‌లో ట్రాలీ గురించి ఏముందో చూడాలి. అందులోనూ లేకపోతే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఛాసిస్ నంబరు చెప్పి అడగాలి. "1.7 టన్ను మోసేది 1.7 టన్ను లాగలేదా" అన్న వాదన చాలాసార్లు వింటాం. లోడు తొట్టిలో ఉంటే దాని బరువు వెనక చక్రాల మీద కూర్చుని పట్టు పెంచుతుంది, బండి బ్రేకులే దాన్ని ఆపుతాయి. అదే బరువు ట్రాలీ మీద ఉంటే బ్రేకు తొక్కినప్పుడు వెనకనుంచి తోస్తుంది. వానలో ఖాళీ తొట్టితో, వెనక బరువైన ట్రాలీతో ఉన్న పికప్ సడన్ బ్రేకు కొడితే వెనక భాగం పక్కకు తిరిగిపోవడానికి కారణం ఇదే. అందుకని ట్రాలీకి సొంత బ్రేకులు లేనప్పుడు దాని మొత్తం బరువు ఖాళీ పికప్ బరువులో సగం దాటకుండా ఉండాలని నేను గట్టిగా చెబుతాను. సౌండ్‌ప్రూఫ్ పెట్టెతో వచ్చే 62.5 కేవీఏ జనరేటర్ ఒక్కటే టన్ను దాటుతుంది. ట్రాలీ బరువు దానికి అదనం. కాబట్టి అలాంటి జనరేటర్ లాగేవాళ్లు ముందు ఏదైనా వేబ్రిడ్జి మీదికి తీసుకెళ్లి ట్రాలీని తూకం వేయించాలి. వేబ్రిడ్జి చీటీ చేతిలో పెట్టుకుని బండి వెతకడం, అంచనాతో వెతకడం ఒకటి కాదు.

ట్రాలీ రకాన్ని బట్టి కూడా లెక్క మారుతుంది. ముందు రెండు, వెనక రెండు చక్రాలతో, ముందు ఇరుసు తిరిగేలా ఉన్న ట్రాలీ తన బరువంతా తనే మోసుకుంటుంది, హుక్కు మీద భారం వేయదు. ఒకే ఇరుసున్న ట్రాలీ అలా కాదు. ఎద్దుల బండిలో బరువంతా వెనక్కి వేస్తే కాడి పైకి లేస్తుంది, ముందుకు వేస్తే ఎడ్ల మెడ మీద పడుతుంది, ఇదీ అంతే. మొత్తం బరువులో పదో వంతు దాకా హుక్కు మీద పడేలా సామాను సర్దుకోవాలి. 1200 కిలోల ట్రాలీ అయితే 120 కిలోలు. ఆ 120 కిలోలూ పికప్ మోసే బరువులోంచి తగ్గించుకోవాలి. ఇరుసుకు వెనకగా బరువు పెరిగితే హుక్కు తేలికై, హైవే మీద 60 దాటగానే ట్రాలీ అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. 16వ నంబరు జాతీయ రహదారి మీద కంటైనర్ లారీ పక్కనుంచి దూసుకుపోయినప్పుడు ఆ గాలికి ఊపు ఇంకా పెరుగుతుంది. అప్పుడు స్టీరింగ్ తిప్పకూడదు, బ్రేకు గట్టిగా తొక్కకూడదు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, వేగం దానంతటదే తగ్గేదాకా ఆగాలి. ఈ ఒక్క సంగతి బండి తోలే ప్రతి డ్రైవరుకూ యజమాని చెప్పి తీరాలి.

హుక్కు ఎక్కడ బిగించారో కింద పడుకుని మరీ చూడండి. ఛాసిస్ రెండు కమ్మీలకూ అడ్డంగా వేసిన గట్టి పట్టీకి బోల్టులతో ఉండాలి. బంపరుకి వెల్డింగ్ చేసిన హుక్కు ఏదో ఒకరోజు బంపరుతో సహా ఊడొస్తుంది. బండి దిగబడితే లాగడానికి కంపెనీ ఇచ్చే కొక్కెం ట్రాలీ తగిలించడానికి కాదు.

ఇంజన్ సత్తా

ట్రాలీని నిలిచిన చోటు నుంచి కదిలించేది హార్స్‌పవర్ కంటే ముందు టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం. అది తక్కువ ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గరే దొరుకుతుంది కాబట్టే ఈ పనికి డీజిల్ నప్పుతుంది. మన ప్రాంతంలో పాత బండ్లలో ఎక్కువగా దొరికేది మహీంద్రా బొలేరో పికప్. 2.5 లీటర్ల ఇంజన్, 75 హార్స్‌పవర్ దరిదాపు, 200 న్యూటన్ మీటర్ల టార్క్. ఇసుజు డీ-మ్యాక్స్ ఎస్-క్యాబ్‌కి అదే సైజు ఇంజనే, కానీ 78 హార్స్‌పవర్, 176 న్యూటన్ మీటర్లు. టాటా యోధా 2017లో వచ్చింది, 2020 నుంచి వచ్చిన వాటిలోని 2.2 లీటర్ల ఇంజన్ 250 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. 2016లో వచ్చిన ఇసుజు వీ-క్రాస్ 2.5 లీటర్ల బండికి 134 హార్స్‌పవర్, 320 న్యూటన్ మీటర్లు. లాగడానికి వీటిలో వీ-క్రాస్‌దే పైచేయి. ఇసుజు ఫ్యాక్టరీ తడకు దగ్గర్లోని శ్రీసిటీలోనే ఉన్నా, మన ఊళ్లలో ఏ మెకానిక్ షెడ్డులోనైనా చేయి తిరిగినది మాత్రం బొలేరో మీదే. రోడ్డు మీద ఆగిపోయిన రోజున ఇది చాలా పెద్ద విషయం.

టన్నులోపు ట్రాలీని నెలకు మూడు నాలుగుసార్లు సమతల రోడ్డు మీద లాగేవాళ్లకు బొలేరో చాలు. నలుగురైదుగురు పనివాళ్లను కూడా తీసుకెళ్లాల్సిన మేస్త్రీకి రెండు వరసల సీట్లున్న బొలేరో క్యాంపర్ ఇంకా నయం, మనుషుల్ని తొట్టిలో ఎక్కించే పని తప్పుతుంది. తొట్టిలో కూర్చున్న మనిషికి ప్రమాదం జరిగితే బీమా వర్తించదని అడ్డం తిరిగే కేసులు కోకొల్లలు. వారానికి రెండు మూడుసార్లు బరువైన ట్రాలీని లాగేవాళ్లు, దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కాల్సినవాళ్లు యోధానో వీ-క్రాసో చూడాలి. కాకపోతే వీ-క్రాస్ పొడవు 5 మీటర్ల 30 సెంటీమీటర్ల దరిదాపు. చిన్నబజారులో దాన్ని తిప్పడం రోజువారీ బాధే. పైగా అది తెల్ల నంబరు ప్లేటు మీద సొంత బండిగా రిజిస్టరయ్యే రకం; కిరాయికి సరుకు తోలితే చట్టానికి విరుద్ధం.

బీఎస్4 తీసుకోవాలా, బీఎస్6 తీసుకోవాలా

ఈ ఎంపికలో అన్నిటికంటే పెద్ద చిక్కు ఇదే. బీఎస్ అంటే బండి పొగ కాలుష్యానికి ప్రభుత్వం పెట్టిన హద్దు, అంకె పెరిగేకొద్దీ హద్దు కఠినం. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్6 బండ్లే అమ్ముతున్నారు. బీఎస్6 డీజిల్ బండ్ల సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. పొగలోని మసిని అది పట్టుకుంటుంది, నిండాక ఆ మసిని తనే కాల్చేసుకుంటుంది. కాలాలంటే లోపల 600 డిగ్రీల దరిదాపు వేడి పుట్టాలి. బండి ఒక వేగంలో ఇరవై నిమిషాలో అరగంటో ఆగకుండా నడిస్తే ఆ పని సజావుగా పూర్తవుతుంది.

ఇప్పుడు నెల్లూరు ఊళ్లో సరుకు తిప్పే బండిని తలుచుకోండి. కొట్టు దగ్గర ఆపడం, ఇంజన్ ఆన్‌లోనే ఉంచి దింపడం, రెండు వీధులు పోయి మళ్లీ ఆపడం. వేడి పుట్టదు. మసి కాలదు. కాల్చడానికి ఇంజన్ అదనంగా చిమ్మిన డీజిల్ మధ్యలో ఇంజన్ ఆపేసినప్పుడల్లా కొంత కిందికి జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పలచబడుతుంది. ఫిల్టర్ నిండి లైటు వెలుగుతుంది, బండి జోరు తగ్గుతుంది, చివరకు ఫిల్టరే మార్చాల్సి వస్తుంది. ఆ ఖర్చు చిన్నది కాదు.

చాలామంది దీన్నుంచి "ఊళ్లో తిప్పడానికైతే బీఎస్6 వద్దు" అనే తీర్మానానికి వస్తారు. అది సగమే నిజం. ట్రాలీ లాగడం ఈ ఫిల్టర్‌కి మందులా పనిచేస్తుంది. బరువు లాగుతూ హైవే మీద నెల్లూరు నుంచి కావలి దాకా వెళ్లే ఇంజన్‌లో పొగ బాగా వేడెక్కుతుంది, పేరుకున్న మసి కాలిపోతుంది. వారానికి ఒక్కసారైనా అలాంటి ప్రయాణం ఉండేవాళ్లకు బీఎస్6తో ఇబ్బంది ఉండదు. నెలకోసారి, అదీ ఊరి చివరి కల్యాణ మండపం దాకా మాత్రమే లాగేవాళ్లకు మంచి స్థితిలో ఉన్న 2018, 2019 బీఎస్4 బండి నిశ్చింత. బీఎస్4లోనూ, పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్‌కి మసి పడుతుంది గానీ, దాన్ని విప్పి శుభ్రం చేయడం మామూలు మెకానిక్‌కి తెలిసిన పనే.

వాడిన బీఎస్6 బండి చూసేటప్పుడు సైలెన్సర్ గొట్టం లోపల వేలు పెట్టి తుడవండి. ఫిల్టర్ బాగున్న బండిలో గొట్టం దాదాపు శుభ్రంగా ఉంటుంది. నల్లటి మసి అంటితే ఫిల్టర్ పగిలిందైనా ఉండాలి, లోపలి భాగం తీసేసి కంప్యూటర్‌ని మాయ చేసైనా ఉండాలి. తీసేసిన బండి పొగ పరీక్షలో నిలవకపోవచ్చు, దాన్ని కొనకండి. తాళం తిప్పగానే హెచ్చరిక లైట్లన్నీ ఒకసారి వెలిగి ఆరాలి. అసలు వెలగని లైటు ఉంటే ఎందుకని అడగండి. ఆయిల్ పుల్ల తీసి చూడండి. గరిష్ఠ గీతకు పైన ఆయిల్ ఉండి డీజిల్ వాసన వస్తే ఆ బండి ఇన్నాళ్లూ ఊళ్లోనే నలిగిందని అర్థం. కొన్ని బీఎస్6 బండ్లకు పొగలోని విషవాయువుల్ని తగ్గించే డీఈఎఫ్ ద్రవం పోసే ట్యాంకు కూడా ఉంటుంది, అది ఉందో లేదో, ఉంటే పనిచేస్తోందో లేదో స్కానర్‌తో చూపించుకోవాలి.

బండి చేసిన పని

మీటర్ రీడింగ్‌ని నేను పెద్దగా నమ్మను, వెనక్కి తిప్పడం తెలిసిన చేతులు చాలా ఉన్నాయి. బండి చేసిన పనిని మాత్రం ఎవరూ చెరపలేరు, అది ఇనుము మీద రాసి ఉంటుంది.

తీరం వెంబడి రొయ్యలు, చేపలు మోసిన బండ్లు చూడండి. జువ్వలదిన్నె, కొత్తపట్నం, రామాయపట్నం వైపు తిరిగినవి. ఐసు కరిగిన ఉప్పునీళ్లు క్రేట్లలోంచి కారి తొట్టి చెక్కలు, రేకుల సందుల్లోంచి ఛాసిస్ మీదికి దిగుతాయి. పైన కొత్తగా రంగు వేసి తళతళలాడిస్తారు. కింద కమాన్ కట్టలు పట్టుకునే బ్రాకెట్ల దగ్గర, ఛాసిస్ కమ్మీల లోపలి వైపు, బ్రేకు పైపుల మీద తుప్పు పొరలు పొరలుగా లేస్తుంది. చిన్న సుత్తితో కమ్మీ పొడవునా తట్టుకుంటూ పోండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తిన్నచోట చప్పుడు మొద్దుగా వస్తుంది, పెచ్చులు రాలతాయి. సరుకు మోయడానికి అలాంటి బండి ఇంకో రెండేళ్లు నడవచ్చు. ట్రాలీ లాగడానికి మాత్రం పనికిరాదు, ఎందుకంటే లాగే జోరంతా పడేది ఆ వెనక ఛాసిస్ మీదే. ఎంత తక్కువకు ఇచ్చినా వదిలేయండి.

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ క్వారీల చుట్టూ తిరిగిన బండ్ల రోగం వేరు. అక్కడ రాతి పొడి ఎయిర్ ఫిల్టర్‌ని నింపేస్తుంది. ఫిల్టర్ మార్చడంలో అశ్రద్ధ చేస్తే పొడి లోపలికి పోయి టర్బో రెక్కల్ని, సిలిండర్ గోడల్ని అరగదీస్తుంది. టర్బోకి గాలి తెచ్చే గొట్టం విప్పి లోపల వేలితో తుడిస్తే పొడి అంటుతుందా, టర్బో ఇరుసు అటూ ఇటూ కదులుతుందా అని చూడాలి. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే పొగ బుసబుసా పైకి తన్నుకొస్తే పిస్టన్ రింగులు అరిగాయని గుర్తు. క్వారీ బండ్లకు అదనంగా కమాన్ పట్టీలు వేయించి ఉంటారు. అదనపు పట్టీ కనపడిందంటే ఆ బండి పరిమితికి మించి మోసిందని దాని యజమానే చెప్పినట్టు లెక్క.

పొదలకూరు, గూడూరు వైపు నిమ్మకాయల లోడుతో హైవే మీద తిరిగిన బండి మీటర్‌లో లక్షలు చూపించినా భయపడక్కర్లేదు. ఒకే వేగంలో తిరిగిన ఇంజన్ తక్కువ అరుగుతుంది, క్లచ్ పని కూడా తక్కువ. దానికి భిన్నంగా ఊళ్లో మినరల్ వాటర్ క్యాన్లు వేసిన బండి తక్కువ కిలోమీటర్లే తిరిగినా క్లచ్, స్టార్టర్ మోటార్, బ్రేకు లైనర్లు అరిగిపోయి ఉంటాయి. పొగాకు మోసిన బండ్లు నాకు ఇష్టమైనవి: పొడి సరుకు, సీజన్‌లో పని, మిగతా కాలం నీడన విశ్రాంతి. టంగుటూరు, కొండపి వైపు వాకబు చేస్తే అలాంటివి దొరుకుతాయి.

మునిగిన బండ్ల సంగతి వేరుగా చెప్పాలి. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన రెండు జిల్లాలూ తడిసి ముద్దయ్యాయి. ఇవికాక వానాకాలం వస్తే నెల్లూరు రైల్వే అండర్ బ్రిడ్జిల్లో నీళ్లు నిలవడం మామూలే. సీటు బెల్టు చివరి దాకా లాగి చూడండి, ఒండ్రు మరక అక్కడ దాక్కుంటుంది. సీటు కింది బోల్టుల తుప్పు, వైరింగ్ కనెక్టర్లలో ఆకుపచ్చ పొడి చూడండి. వెనక ఇరుసు మధ్యలోని డిఫరెన్షియల్ బోల్టు కాస్త వదులు చేసి ఆయిల్ రంగు చూడండి. పాలలా తెల్లబడితే నీళ్లు చేరాయి.

తోలి చూసేటప్పుడు ఒక షరతు పెట్టండి: పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మీ ఎదురుగా స్టార్ట్ చేయాలి. మీరు వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే మళ్లీ రేపు వస్తానని చెప్పి వచ్చేయండి. నల్ల పొగ గాలి చాలకనో ఇంజెక్టర్లు చెడిపోయో వస్తుంది. నీలం పొగ ఆయిల్ కాలడం. ఇంజన్ వేడెక్కాక కూడా ఆగని తెల్ల పొగ కూలెంట్ లోపలికి పోతుండటం. నాలుగో గేరులో 40 వేగంలో ఉండగా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఇంజన్ చప్పుడు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది, ట్రాలీ తగిలించిన మొదటి వారంలోనే అది కాలిపోతుంది. 50, 60 మధ్య కాలు ఎత్తినప్పుడు, తొక్కినప్పుడు వెనకనుంచి ఊళ పెట్టినట్టు చప్పుడొస్తే డిఫరెన్షియల్‌లోని క్రౌన్ పినియన్ పళ్లు అరిగాయి. టైరు పక్క గోడ మీద నాలుగంకెలుంటాయి: మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 1419 అంటే 2019లో 14వ వారం. గుండీలు ఎంత లోతుగా ఉన్నా ఆరేళ్లు దాటిన టైర్ల మీద మే నెల ఎండలో ట్రాలీ లాగకండి.

కాగితాలు

2019కి ముందు బండ్లైతే ఏపీ 26 నెల్లూరు, ఏపీ 27 ప్రకాశం అని ప్లేటు చూడగానే తెలిసేది. ఆ తర్వాత రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది కాబట్టి బండి ఎక్కడ తిరిగిందో నంబరు చెప్పదు. పరివాహన్ యాప్‌లో రిజిస్టరైన ఆఫీసు, ఫైనాన్స్, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), బీమా గడువు చూసుకోవాలి. రవాణా బండికి ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఎఫ్‌సీ చేయించాలి. ఫైనాన్స్ తీరిపోతే ఫారం 35, అమ్మకానికి ఫారం 29, 30. కొన్నవాళ్లు 30 రోజుల్లోపు పేరు మార్పించుకోవాలి. మొత్తం బరువు 3000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదు, దాటితే కావాలి, 1.7 టన్ను రకాలు దాటతాయి. లైసెన్సు విషయంలో బెంగ లేదు. 7500 కిలోల లోపు రవాణా బండిని మామూలు ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సుతో తోలవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో స్పష్టం చేసింది.

అందరూ మరిచిపోయేది ట్రాలీ కాగితాలు. చట్టం దృష్టిలో ట్రాలీ కూడా ఒక వాహనమే. దానికి రిజిస్ట్రేషన్ కావాలి, పికప్ పాలసీలో దాని ప్రస్తావనైనా ఉండాలి, వేరే పాలసీ అయినా ఉండాలి. లేకపోతే ట్రాలీ ఊడి ఎవరికైనా తగిలిన రోజున బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది, ఆస్తులమ్మి కట్టాల్సింది యజమానే. బేరం కుదిరాక అడ్వాన్సు ఇచ్చేముందే బీమా ఏజెంటుతో మాట్లాడి ఆ ప్రీమియం ఎంతో కనుక్కోండి, బండి ధరలో కలిపి లెక్క వేసుకోండి. ట్రాలీ వెనక బ్రేకు లైట్లు, ఇండికేటర్లు పికప్ సాకెట్‌కి కలిపే వైరింగ్, ఎర్ర రిఫ్లెక్టర్ స్టిక్కర్లు, హుక్కు ఊడినా ట్రాలీ విడిపోకుండా పట్టి ఉంచే రెండు గొలుసులు, వీటి ఖర్చు కూడా ఆ లెక్కలోనే వేయాలి. ఇవేవీ బిగించకుండా మొదటి ట్రాలీ తగిలించకండి. చీకట్లో లైటు లేని ట్రాలీని గుద్ది హైవే మీద పోయినవాళ్లు మన రెండు జిల్లాల్లోనూ ఉన్నారు.